మింట్ ఎక్కించినాక వైఫై రౌటర్ పక్కన కూర్చుంటేనే వస్తా ఉంది, ఎవరన్నా చెప్పండి

కావలి జిరాక్స్ · ఆదివారం రాత్రి 9:12

అన్నలకి నమస్తే. నాది కావలిలో చిన్న జిరాక్స్ షాపు, కింద షాపు, పైన మిద్దె మీద ఇల్లు. షాపు ల్యాప్‌టాప్ 2016లో కొన్నది, ఆరో జనరేషన్ ఐ3. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో అప్‌డేట్లు ఆపేశారు గదా, 11 ఎక్కిద్దామంటే నీ ప్రాసెసర్ పనికిరాదు పొమ్మనింది, సరే అని మా బావమరిది మాట విని లినక్స్ మింట్ 22.2 ఎక్కించినా. అంతా బాగుంది, ప్రింటర్ని కూడా డ్రైవర్ అడక్కుండానే పట్టుకునింది, ఒక్క వైఫై తప్ప. రౌటర్ పక్కన స్టూలేసుకుని కూర్చుంటే నాలుగు గీతలు, నా కుర్చీ కాడికి వచ్చేసరికి ఒక్క గీత, అది కూడా ఉంటా పోతా. గట్టిగా పదిహేను అడుగులు లేదబ్బా దూరం, మధ్యలో గోడ కూడా లేదు, జిరాక్స్ మిషనొక్కటే అడ్డం. ఇదే కుర్చీలో ఇదే ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉన్నప్పుడు నిక్షేపంగా వచ్చేది. ఇంకోటి, రౌటర్‌లో 5జీ అని చివర ఇంకో పేరు ఉంది, అది ఫోన్లో కనపడతా ఉంది గానీ ల్యాప్‌టాప్‌లో అసలు కనపడదు. రెండు రోజుల నుంచి ఫోన్ని యూఎస్‌బీ వైరుతో తగిలించి టెథరింగ్‌తో నెట్టుకొస్తా ఉండా. రేపు సోమవారం, అప్లికేషన్లు పెట్టుకునే వాళ్ళంతా వస్తారు.

కనిగిరి 404 · 9:20

విండోస్ ఎక్కించు. సమస్య తీరిపాయె.

చీమకుర్తి రాయి · 9:31

కాల్లో ముల్లు దిగిందంటే కాలు తీసెయ్యమనే రకం నువ్వు. ఆయన చెప్పింది చదివావా, అప్‌డేట్లు ఆగిపోయినయ్యనే గదా మారింది.

కావలి తమ్ముడూ, దగ్గర కూర్చుంటే కనెక్ట్ అవుతుందంటే డ్రైవర్ ఉంది, ఫర్మ్‌వేర్ ఉంది, వైఫై స్విచ్చి ఆన్‌లోనే ఉంది. కాబట్టి మామూలుగా అందరూ ముందు చెప్పే ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ నీకు అక్కర్లేదు. (వేరే వాళ్ళు ఇది చదువుతుంటే చెప్తన్నా, అసలు వైఫై గుర్తే లేకపోతే ముందు అది కొట్టండి, సాఫ్ట్ బ్లాక్డ్ ఎస్ అని వస్తే ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై అంటే లేస్తది, హార్డ్ బ్లాక్డ్ అంటే ల్యాప్‌టాప్ మీద ఉన్న మీటో బటనో నొక్కాల్సిందే.) నువ్వు టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కే కొట్టి నెట్‌వర్క్ కంట్రోలర్ అని ఉన్న చోట నాలుగు లైన్లు ఇక్కడ పెట్టు. తర్వాత నీ కుర్చీలో కూర్చుని ఐడబ్ల్యూ డెవ్ డబ్ల్యూఎల్ఓ1 లింక్ కొట్టి సిగ్నల్ ఎంతో చెప్పు. నేను పలికినట్టు రాస్తన్నా, నువ్వు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టు. డబ్ల్యూఎల్ఓ1 కాకుండా నీ దాంట్లో వేరే పేరు ఉండొచ్చు, ఐడబ్ల్యూ డెవ్ అని ఉత్తదే కొడితే పేరు చెప్తది.

మైపాడు అల · 9:40

అన్నా ఆ 5జీ అనేది ఫోన్ 5జీ కాదు, 5 గిగాహెర్ట్జ్ బ్యాండు. మీ కార్డు పాతది అయితే ఒట్టి 2.4 మాత్రమే వినగలదు, అప్పుడు ఆ పేరు జన్మలో కనపడదు, లినక్స్ తప్పు కాదు. విండోస్‌లో కనపడేదా ముందు? మా హాస్టల్లో ఇదే గొడవ, కొత్త రౌటర్ పెట్టి 2.4 ఆపేశారు, పాత ల్యాప్‌టాప్ ఉన్న నలుగురం కారిడార్లో ఏడుస్తా తిరిగాం.

కావలి జిరాక్స్ · 10:05

విండోస్‌లో కూడా కనపడినట్టు గుర్తు లేదు చెల్లెమ్మా, నేనే ఎప్పుడూ చూసుకోలేదు.

చీమకుర్తి అన్నా, వచ్చింది ఇది: కార్డు పేరు ఆర్‌టీఎల్ 8723బీఈ, కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్ అని దాని ఎదురుగా ఆర్‌టీఎల్8723బీఈ. సిగ్నల్ కుర్చీలో మైనస్ 81 డీబీఎం. రౌటర్ పక్కన మైనస్ 52. మైనస్ అంటే ఎక్కువ మంచిదా తక్కువ మంచిదా కూడా నాకు తెలీదు.

పెన్నా గట్టు · 10:26

సున్నాకి దగ్గరైతే మంచిది. మైనస్ 50 అంటే పక్కన మాట్లాడినట్టు, మైనస్ 81 అంటే పెన్న అవతలి గట్టు నుంచి కేకేసినట్టు.

8723బీఈ అని చూడంగానే నాకు అర్థమైపోయింది, ఇది శానా మందికి వచ్చిన పాత జబ్బే. ఈ కార్డుకి యాంటెన్నా వైర్లు తగిలించే పిన్నులు రెండు ఉంటాయి. అప్పట్లో ల్యాప్‌టాప్ కంపెనీల వాళ్ళు కొందరు ఒక యాంటెన్నా వైరే వేసి పంపారు, అది తప్పేం కాదు, ఈ కార్డుకి ఒకటి చాలు. తప్పు యాడంటే, కార్డులో రాసిపెట్టిన సమాచారంలో మాత్రం రెండో పిన్నుకి వైరు ఉందని ఉంటుంది. లినక్స్ డ్రైవర్ పాపం ఆ రాత నమ్మి వైరు లేని పిన్నులో నుంచి వినటానికి ప్రయత్నిస్తా ఉంటుంది. చెవిలో దూది పెట్టుకుని వినటం లాంటిది, చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే వినపడుతుంది, పదిహేను అడుగులు జరిగితే లేదు. అందుకే నీకు రౌటర్ పక్కన మాత్రమే పని చేస్తా ఉంది.

దీనికి డ్రైవర్లోనే మందు ఉంది. 2016లో లారీ ఫింగర్ అనే ఆయన ఈ డ్రైవర్‌కి యాంట్_సెల్ అని ఒక ఆప్షన్ చేర్చాడు, ఏ పిన్ను వాడాలో మనమే చెప్పొచ్చు. ఆయన 2024 జూన్‌లో 84 ఏళ్ళ వయసులో పోయాడు, పోయేదాకా మనబోటి వాళ్ళ వైఫై కార్డుల డ్రైవర్లు చూస్తానే ఉండాడు, ఇట్టాంటి ల్యాప్‌టాప్ ఎవరిదన్నా బాగైతే నేను ఆ పెద్దాయన్ని తలుచుకుంటా.

చెయ్యాల్సింది ఇది. కుర్చీలోనే కూర్చో, ఫోన్ టెథరింగ్ ఉండనీ. ముందు సుడో మోడ్‌ప్రోబ్ -ఆర్ ఆర్‌టీఎల్8723బీఈ, దీంతో డ్రైవర్ దిగిపోతుంది (సుడో అంటే పూర్తి అధికారంతో చెయ్యమని). తర్వాత సుడో మోడ్‌ప్రోబ్ ఆర్‌టీఎల్8723బీఈ యాంట్_సెల్=2. అర నిమిషం ఆగి మళ్ళీ సిగ్నల్ చూడు. మారకపోతే 2 బదులు 1 పెట్టి ఇదే చెయ్యి. ఏదో ఒకటి కచ్చితంగా లేస్తుంది. ఏది పని చేసిందో చెబితే అది నిలిచిపోయేటట్టు ఎట్టా రాయాలో చెబుతా.

కనిగిరి 404 · 10:33

ఇదంతా ఎందుకు, ఈ కార్డుకి నెట్లో డ్రైవర్ ఉంది, జిప్ దించుకుని అందులో ఇన్‌స్టాల్ స్క్రిప్టుని సుడోతో రన్ చెయ్యి. నేను అట్నే చేశా వేరే కార్డుకి.

చీమకుర్తి రాయి · 10:47

మొదట కాలు తీసెయ్యమన్నావు, ఇప్పుడు తలకాయ. ముక్కూ మొహం తెలీని స్క్రిప్టుకి సుడో ఇస్తే ఇంటి తాళాలు రోడ్డు మీద పోయేవాడి చేతిలో పెట్టినట్టు. లినక్స్ గుండెకాయ కెర్నెల్, దాంట్లోనే డ్రైవర్ ఉన్నప్పుడు బయటిది దేనికి? అట్టా బయటి నుంచి ఎక్కించిన డ్రైవర్, కెర్నెల్ అప్‌డేట్ అయిన రోజున ఊడిపోద్ది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని డ్రైవర్ని అసలు లోడే కానీదు, నీలం తెరొకటి వచ్చి కీ ఎన్‌రోల్ చేసుకుంటావా అని అడిగితే జనం భయపడి కంటిన్యూ కొట్టేసి, వైఫై రాలేదని మళ్ళీ మన దగ్గరికే వస్తారు. పెన్నా గట్టు చెప్పింది చెయ్యి తమ్ముడూ.

కావలి జిరాక్స్ · సోమవారం ఉదయం 7:50

అన్నలూ, నిన్న రాత్రి పెన్నా అన్న చెప్పింది చదివి నిద్ర పట్టక ముందు ఒక పని చేసినా, తిట్టబాకండి. ల్యాప్‌టాప్ వెనక స్క్రూలు విప్పినా. పదకొండు స్క్రూలు, రెండు రబ్బరు కాళ్ళ కింద దాక్కోనుండాయి, వాటి కోసం గంట పట్టింది. మూత పైకి లేపితే పదేళ్ళ జిరాక్స్ దుమ్ము, నల్లటి టోనరు పొడి ఫ్యాను రెక్కలకి కాటుక పెట్టినట్టు అంటుకోనుంది. అగ్గిపెట్టంత ఆకుపచ్చ ముక్క, దాని కొసన ఆవగింజంత బంగారు గుండీలు రెండు. ఒకదానికి సన్నటి నల్ల వైరు నొక్కి ఉంది. రెండోది బోడిగా ఉంది! అన్న చెప్పింది చెప్పినట్టే. అది చూసినాక నాకు అదేదో జబ్బు ఎక్స్‌రేలో కనపడినట్టు అనిపించింది. ఆ వైరుని పీకి రెండో గుండీకి పెడితే సరిపోద్ది గదా అనుకోని గోరు పెట్టబోయినా, ఇంతలో మా ఆవిడ వచ్చి రెండు గంటలయింది లైటార్పమనింది. మార్చమంటారా?

పెన్నా గట్టు · 8:04

మార్చబాక సామీ. ఆ గుండీలు బో నాజూకు, గోరుతో పీకితే కార్డు మీద నుంచే లేచొస్తాయి. ఇంకోటి, ఎప్పుడన్నా మళ్ళీ విండోస్ ఎక్కిస్తే అప్పుడు దానికి చెవుడు వస్తుంది. అక్షరంతో పోయేదానికి స్క్రూడ్రైవర్ దేనికి. దుమ్ము మాత్రం మెత్తటి బ్రష్షుతో తుడిచి మూత వేసెయ్, విప్పినందుకు అదొక్కటీ లాభం.

కావలి జిరాక్స్ · 8:41

మైనస్ 49!!! యాంట్_సెల్=2 తో. కుర్చీలోనే. మిద్దె మీదకి తీసకపోయి చూసినా, మైనస్ 63. పెన్నా అన్నా, మీరు కావలి వస్తే నెల్లూరు చేపల పులుసు మా ఇంట్లోనే.

పెన్నా గట్టు · 8:55

నేను నెల్లూరోడినే, చేపల పులుసు నాకా పెట్టేది.

ఇప్పుడు ఇది రీస్టార్ట్ చేస్తే పోతుంది. ఈటీసీ లోపల మోడ్‌ప్రోబ్ డాట్ డీ అని ఫోల్డర్ ఉంది, అందులో ఆర్‌టీఎల్8723బీఈ డాట్ కాన్ఫ్ అని కొత్త ఫైలు సుడోతో తెరిచి ఒకే ఒక లైను రాయి: ఆప్షన్స్, ఖాళీ, ఆర్‌టీఎల్8723బీఈ, ఖాళీ, యాంట్_సెల్=2. సేవ్ చేసి రీస్టార్ట్ చెయ్యి.

కావలి జిరాక్స్ · మధ్యాహ్నం 1:15

నిలబడింది అన్నా. కానీ ఇంకో తలనొప్పి. సిగ్నల్ నిండుగా ఉంది, అయినా పావుగంటకో సారి నాలుగైదు సెకన్లు ఆగిపోయి మళ్ళీ వస్తా ఉంది, ఓటీపీ పేజీ మీద ఉండంగా ఆగితే కస్టమర్ నా మొహం చూస్తా ఉండాడు. బ్లూటూత్ స్పీకర్లో పాటలు పెడితే ఇంకా ఎక్కువ.

పెన్నా గట్టు · 2:10

రెండు వేరే వేరే. ఆగి రావటం పవర్ సేవింగ్. కరెంటు మిగిల్చటానికి కార్డు కునుకు తీస్తుంది, కొన్ని కార్డులు ఆ కునుకు లోంచి సరిగ్గా లేవవు. ముందు పరీక్షకి సుడో ఐడబ్ల్యూ డెవ్ డబ్ల్యూఎల్ఓ1 సెట్ పవర్_సేవ్ ఆఫ్ కొట్టి గంట చూడు. బాగుంటే నిలిచిపోయేటట్టు ఈటీసీలో నెట్‌వర్క్‌మేనేజర్, దాంట్లో కాన్ఫ్ డాట్ డీ, అక్కడ డిఫాల్ట్-వైఫై-పవర్‌సేవ్-ఆన్ అనే ఫైల్లో వైఫై డాట్ పవర్‌సేవ్ ఎదురుగా 3 ఉంటుంది, దాన్ని 2 చెయ్యి. 3 అంటే నిద్రపో, 2 అంటే మేలుకో. ల్యాప్‌టాప్ ఎట్టాగూ షాపులో ప్లగ్గులోనే ఉంటది గదా.

బ్లూటూత్‌కి మాత్రం మందు లేదు. నీ కార్డులో వైఫై, బ్లూటూత్ రెండూ అదే చిప్పు, రెండూ 2.4 లోనే, ఉన్నది ఒక వైరు. ఒక మైకు ముందు ఇద్దరు మాట్లాడినట్టు. స్పీకర్‌కి పిన్ను వైరు పెట్టుకో.

కావలి జిరాక్స్ · సాయంత్రం 7:20

పవర్‌సేవ్ తీసినాక ఆగటం ఆగింది. కానీ ఇప్పుడు చూస్తే సాయంత్రం అయిదు దాటినాక స్పీడే లేదు. పొద్దున 40 ఎంబీపీఎస్ వచ్చింది, ఇప్పుడు 3. సిగ్నల్ అదే మైనస్ 49. విండోస్‌లో కూడా సాయంత్రాలు ఇట్నే ఉండేది, నెట్టోళ్ళు మోసం చేస్తా ఉండారని ఇన్నాళ్ళు వాళ్ళని తిట్టుకుంటా ఉండా.

ఒంగోలు కేబుల్ · 7:48

నేను ఆ తిట్లు తినే పనిలోనే ఉన్నా (మీ ఊరు కాదులే). తిట్టే ముందు ఒక సారి రౌటర్ పేజీ తెరిచి చూడు, బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి. కొన్నిట్లో 0.1 ఉంటది, ఐపీ రూట్ అని టెర్మినల్‌లో కొడితే డిఫాల్ట్ వయా పక్కన ఉన్న నంబరే అది. లోపల కనెక్టెడ్ డివైసెస్ అనో డీహెచ్‌సీపీ క్లయింట్స్ అనో ఉంటది. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, నీవి ఎన్నో చెప్పు.

కావలి జిరాక్స్ · 8:15

మావి ల్యాప్‌టాప్, ప్రింటర్, టీవీ, మూడు ఫోన్లు. మొత్తం 6. అక్కడ చూపించేది 14.

మైపాడు అల · 8:19

😳 అన్నా పాస్‌వర్డ్ ఏం పెట్టారు? ఇక్కడ చెప్పొద్దు, ఏ రకం అని మాత్రం చెప్పండి.

కావలి జిరాక్స్ · 8:22

నా ఫోన్ నంబరే. కనెక్షన్ ఇచ్చిన అబ్బాయే పెట్టాడు, మరిచిపోకుండా ఉంటదని.

చీమకుర్తి రాయి · 8:25

షాపు బోర్డు మీద ఏం రాసుంది తమ్ముడూ?

కావలి జిరాక్స్ · 8:31

జిరాక్స్, లామినేషన్, ఆన్‌లైన్ అప్లికేషన్లు, సెల్

ఓరి నాయనా.

చీమకుర్తి రాయి · 8:32

ఆరడుగుల బోర్డు మీద పాస్‌వర్డ్ రాయించి, రాత్రి పూట దానికి లైటు కూడా వేస్తన్నావు.

మైపాడు అల · 8:50

నవ్వుకోవటం అయ్యాక ఒక లెక్క చెప్తా. బోర్డు లేకపోయినా ఫోన్ నంబర్ పాస్‌వర్డ్‌గా దండగే. మన మొబైల్ నంబర్లు పది అంకెలు, మొదటిది 6, 7, 8, 9 లో ఒకటి. అంటే మొత్తం 400 కోట్లు. వినటానికి పెద్దదే. కానీ డబ్ల్యూపీఏ2 (వైఫైకి వేసే తాళం రకం) లో మన ఫోన్ రౌటర్‌కి కనెక్ట్ అయ్యేటప్పుడు జరిగే నాలుగు మాటల పలకరింపుని పక్కనుంచి ఎవరన్నా రికార్డు చేసుకుంటే చాలు, తర్వాత ఇంటికి పోయి తీరిగ్గా ఒక్కో నంబరూ వేసి సరిపోతుందా అని చూసుకోవచ్చు, రౌటర్‌కి తెలియను కూడా తెలీదు. 2016 నాటి గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు సెకనుకి సుమారు 4 లక్షల నంబర్లు చూడగలదు. 400 కోట్లని 4 లక్షలతో భాగిస్తే 10 వేల సెకన్లు. 2 గంటల 47 నిమిషాలు. అంటే నెల్లూరులో బస్సెక్కి ఒంగోలు దిగేలోపు అయిపోద్ది. ఇప్పటి కార్డులైతే దగదర్తి కూడా దాటరు.

సింగరాయకొండ మాష్టారు · 9:14

అందరికీ నమస్కారం. నేను రిటైరయ్యాక లినక్స్ మొదలుపెట్టినవాణ్ణి, నిదానంగా చదువుతున్నాను. మూడు సందేహాలు. నెట్‌వర్క్ పేరు దాచేస్తే అసలు గొడవే ఉండదు కదా? మన పరికరాల మ్యాక్ నంబర్లు (ఒక్కో పరికరానికి ఉండే గుర్తింపు నంబర్లు) మాత్రమే రానిచ్చేట్టు రౌటర్‌లో పెడితే? 2017లో డబ్ల్యూపీఏ2 కూడా పగిలిందని పేపర్లో చదివాను, మరి పాస్‌వర్డ్ మార్చి ఏం లాభం?

పెన్నా గట్టు · 9:52

మాష్టారూ, మూడూ మంచి ప్రశ్నలే, నేను కూడా ఒకప్పుడు మొదటి రెండూ చేసి చూసినోణ్ణే.

పేరు దాచటం అంటే ఇంటి నంబరు చెరిపేసినట్టు. తలుపు ఆడే ఉంది. ఎవరన్నా కనెక్ట్ అయ్యేటప్పుడు ఆ పేరు గాల్లో వినపడుతూనే ఉంటుంది. పైగా నష్టం, దాచిన పేరు గుర్తు పెట్టుకున్న ల్యాప్‌టాప్ బస్టాండులో, స్టేషన్లో, ఎక్కడికి పోయినా ఆ పేరు పెట్టి పిలుస్తానే ఉంటుంది, మా ఇంటి నెట్‌వర్క్ పేరిదీ అని ఊరంతా చాటినట్టు.

మ్యాక్ నంబరు కూడా గాల్లో తాళం లేకుండా పోయేదే. ఒక కమాండుతో లినక్స్‌లో ఎవరైనా మార్చుకోవచ్చు. ఇంకో తిరకాసు, ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో దొంగ మ్యాక్ చూపిస్తాయి. కావలి, నీ లిస్టులో మ్యాక్ నంబరు రెండో అక్షరం 2, 6, ఏ, ఈ లలో ఏదన్నా అయితే అది అట్టా పుట్టించిన నంబరే, దాదాపు ఫోన్ అనుకోవచ్చు. ఫోన్లో ఆ సెట్టింగు కదిల్తే మ్యాక్ మారిపోయి మీ ఇంట్లో వాళ్ళే బయట నిలబడతారు. మా ఇంట్లో అట్నే అయింది, రెండు రోజులు మా అమ్మ సీరియల్ చూళ్ళేకపోయింది, నేను ఇంట్లో అన్నం అడగలేకపోయినా.

2017 అక్టోబర్‌లో వచ్చింది క్రాక్ అనే లోపం, మ్యాతీ వాన్‌హూఫ్ అనే బెల్జియం పరిశోధకుడు బయట పెట్టాడు. లినక్స్‌లో వైఫై తాళాల పని చూసే డబ్ల్యూపీఏ సప్లికెంట్ 2.4 నుంచి 2.6 దాకా దానికి బాగా దొరికిపోయింది, తర్వాత సరిచేశారు. అప్‌డేట్లు చేసుకునే మింట్‌లో దాని గురించి భయం లేదు. ఆ దాడితో పాస్‌వర్డ్ కూడా బయటికి రాదు. పాత ఫోన్లు, అప్‌డేట్లు రాని పరికరాలు ఉంటే వాటి గురించి ఆలోచించాలి.

ఒంగోలు కేబుల్ · 10:20

ఇప్పుడు రౌటర్ సంగతి, ఇది నా పని కాబట్టి నేను చెప్తా. నిజం చెప్పాలంటే తప్పు మా వాళ్ళది కూడా. రోజుకి పది కనెక్షన్లు ఇవ్వాలి, ఏదన్నా గట్టి పాస్‌వర్డ్ పెడితే వారంలో ఫోన్ చేసి మరిచిపోయాం రా అంటారు, అందుకే నంబరు పెట్టేసి పోతారు.

ముందు వైఫై పాస్‌వర్డ్ కాదు, రౌటర్ లాగిన్ పాస్‌వర్డ్ మార్చు. అది అడ్మిన్, అడ్మిన్ అనే ఉంటది రాసిస్తా. తర్వాత డబ్ల్యూపీఎస్ అని ఉంటది, ఆపెయ్. బటన్ నొక్కితే కనెక్ట్ అయ్యేది బానే ఉంటది గానీ దాంట్లో 8 అంకెల పిన్ను కూడా ఉంది. ఎనిమిదంకెలు అంటే కోట్లు అనుకుంటాం, కానీ రౌటర్ ఆ పిన్నుని మొదటి నాలుగు, తర్వాత మూడు అని రెండు ముక్కలుగా చూసి ముందు ముక్క తప్పా ఒప్పా ముందే చెప్పేస్తది, ఆఖరి అంకె మిగతా వాటి నుంచి లెక్కతో వచ్చేదే. 10,000 ప్లస్ 1,000. మొత్తం 11,000 ప్రయత్నాలు, అంతే. 2011లోనే బయటపడిన సంగతి, ఇంకా కొన్ని రౌటర్లలో ఆన్‌లోనే వస్తంది. అది ఆపకుండా నువ్వు 40 అక్షరాల పాస్‌వర్డ్ పెట్టినా దొడ్డి తలుపు తీసే ఉన్నట్టు.

సెక్యూరిటీ రకం దగ్గర డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపి ఉన్నది ఉంటే అది పెట్టు. డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెడితే ఆ చెల్లెమ్మ చెప్పిన ఇంటికి పోయి లెక్కేసే ఆట సాగదు, మంచిదే, కానీ నీ ప్రింటర్ పాతదైతే ఎక్కదు, రేపు పొద్దున ప్రింటు రాక మళ్ళీ ఇక్కడికే వస్తావు. డబ్ల్యూఈపీ అనే పాత రకం తాళం ఎక్కడన్నా కనపడితే మాత్రం దండం పెట్టి ఆ రౌటర్నే మార్చు. రిమోట్ మేనేజ్‌మెంట్ ఆఫ్. కస్టమర్లకి ఇవ్వాలంటే గెస్ట్ నెట్‌వర్క్ వేరే పెట్టు, దాంట్లో ఉన్నోళ్ళకి నీ ల్యాప్‌టాప్ కనపడకూడదు.

పెన్నా గట్టు · 10:31

కనపడటం అంటే గుర్తొచ్చింది. కావలి, సుడో ఎస్ఎస్ -టీఎల్ఎన్‌పీ కొట్టి ఏమొచ్చిందో చెప్పు. ఎనిమిది మంది తెలీని వాళ్ళు నీ నెట్‌వర్క్‌లో తిరుగుతా ఉంటే నీ ల్యాప్‌టాప్ తలుపులు ఏవేవి తీసున్నాయో చూడాల.

కావలి జిరాక్స్ · 10:44

631 అని 127.0.0.1 మీద ఉంది. తర్వాత 445, 139 రెండూ 0.0.0.0 మీద, పక్కన ఎస్ఎంబీడీ అని. అది నేనే పెట్టినా మొన్న, మిద్దె మీద టీవీలోకి, మా ఆవిడ ఫోన్లోకి ఫైళ్ళు తీసుకోవటానికి వీడియో చూసి ఒక షేర్డ్ ఫోల్డర్ చేసినా. పాస్‌వర్డ్ అడక్కుండా రావాలని గెస్ట్ ఓకే ఎస్ పెట్టమన్నాడు.

పెన్నా గట్టు · 10:47

ఆ ఫోల్డర్లో ఏముండాయి?

కావలి జిరాక్స్ · 10:58

స్కాన్లు. కస్టమర్లవి. ఆధార్లు, పాన్ కార్డులు, బ్యాంకు పుస్తకాల మొదటి పేజీలు, రేషన్ కార్డులు. స్కానర్ నేరుగా దాంట్లోకే పడేస్తది. ఇప్పుడు లెక్క చూసినా, ఆరు వందల ఇరవై పైన ఉండాయి. నాకు చేతులు ఒణుకుతా ఉండాయన్నా.

పెన్నా గట్టు · 11:20

ఒణకబాక, ఒకటొకటిగా చేద్దాం. 631 గురించి వదిలెయ్, 127 అంటే ల్యాప్‌టాప్ లోపలికే, బయటికి పోదు. 0.0.0.0 అంటే నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతోడికీ తలుపు తీసినట్టు. ఇప్పుడే సుడో సిస్టమ్‌సీటీఎల్ డిజేబుల్ --నౌ ఎస్ఎంబీడీ కొట్టు, ఆ షేరు ఈ నిమిషం నుంచి లేదు. మింట్‌లో ఫైర్‌వాల్ ఉంటది గానీ ఆపి ఉంటది, సుడో యూఎఫ్‌డబ్ల్యూ ఎనేబుల్ కొడితే లేస్తుంది, బయట నుంచి వచ్చేవన్నీ ఆగిపోతాయి, నువ్వు ప్రింటు ఇచ్చుకోవటానికి నెట్ చూసుకోవటానికి అడ్డం ఉండదు. టీవీకి సినిమాలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకో.

స్కాన్లు. అవి నీవి కాదు, నీ దగ్గర ఉండాల్సిన పని లేదు. కస్టమర్ మెట్లు దిగేలోపు తుడిచెయ్, చెత్తబుట్ట కూడా ఖాళీ చెయ్. రేపు మళ్ళీ వస్తే మళ్ళీ స్కాన్ చేస్తావు, ఇంకో పది రూపాయలు వస్తాయి. ఎక్కడన్నా ఆధార్ నంబరు మొత్తం అక్కర్లేని చోటైతే మాస్క్‌డ్ ఆధార్ తీసివ్వు, చివరి నాలుగంకెలే కనపడతాయి, శానా మందికి అట్టాంటిది ఒకటి ఉందని కూడా తెలీదు. ఇన్నాళ్ళు ఎవరన్నా ఆ ఫోల్డర్ తెరిచారా అంటే, వార్ లాగ్ సాంబా అనే ఫోల్డర్లో (ఆ షేరు నడిపే ప్రోగ్రాం పేరు సాంబా) ఒక్కో మిషన్ పేరుతో ఒక్కో ఫైలు ఉండొచ్చు, మీ ఇంటివి కాని పేర్లు ఉండాయేమో చూడు.

కావలి జిరాక్స్ · 11:41

చూసినా. మా ఆవిడ ఫోన్, టీవీ, ఇంకేం లేవు. ఊపిరొచ్చింది. స్కాన్లు తుడిచేసినా.

మైపాడు అల · 11:50

హమ్మయ్య. అన్నా పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాల దాకా పెట్టుకోవచ్చు. సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాయండి, పిచ్చిగా ఉండాలి, గొడుగు వంకాయ రైలు తాతయ్య లాగా. ఇదే పెట్టొద్దు మళ్ళీ, ఇక్కడ రాసేశా కాబట్టి ఇది కూడా బోర్డు మీద ఎక్కినట్టే. పాటల పల్లవులు, సామెతలు వద్దు. గెస్ట్ దానికి కాగితం మీద క్యూఆర్ పెట్టండి: ల్యాప్‌టాప్ గెస్ట్‌కి కనెక్ట్ చేసి ఎన్ఎంసీఎల్ఐ డివైస్ వైఫై షో-పాస్‌వర్డ్ కొడితే టెర్మినల్‌లోనే క్యూఆర్ గీసి చూపిస్తది, స్క్రీన్‌షాట్ తీసి ప్రింటేసుకోవచ్చు. మీకు ప్రింటు ఖర్చు కూడా లేదు.

కావలి జిరాక్స్ · మంగళవారం రాత్రి 8:35

అన్నీ చేసినా. రౌటర్ లాగిన్ మార్చినా (అడ్మిన్ అడ్మినే ఉంది, ఒంగోలు అన్న నోట్లో చక్కెర పొయ్యాల), డబ్ల్యూపీఎస్ తీసేసినా, అయిదు మాటల పాస్‌వర్డ్ పెట్టినా, గెస్ట్ వేరే పెట్టి దాని క్యూఆర్ లామినేషన్ చేసి కౌంటర్ మీద అంటించినా. ప్రింటర్ రెండో సారికి ఎక్కింది. ఇప్పుడు టైము ఎనిమిదిన్నర, లిస్టులో మావి 6, గెస్ట్‌లో ఇద్దరు, స్పీడు 38.

ఒక ముచ్చట చెప్పి పోతా. ఆరు గంటలకి పక్క వీధి టీ కొట్టు పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. ఏం కావాల పెద్దాయనా, జిరాక్సా అంటే, కాదు అబ్బయ్యా, మీ వైఫై ఏమన్నా చెడిపోయిందా, నిన్న రాత్రి నుంచి మా పిలకాయలకి బొమ్మలు రావటం లేదంట, ఒకటే ఏడుపు, ఒక సారి నెట్టోళ్ళకి ఫోన్ చేసి అడగరాదా అన్నాడు. నాకు కోపం తెచ్చుకోవాలో ఏం చెయ్యాలో తెలీలా. మూడేళ్ళ నుంచి నా షాపుకి టీ పంపిస్తా ఉండాడు, ఒక్కసారి కూడా వైఫై మాట ఎత్తలా. గెస్ట్ క్యూఆర్ చూపించి స్కాన్ చేసుకోమన్నా. ఒంగోలు అన్నా, గెస్ట్‌కి రాత్రి తొమ్మిదికి ఆగిపోయేటట్టు రౌటర్‌లో టైము యాడ పెట్టాల?